పూలు పోయిన దారి
(‘ఇరై ఒడ్డున’ నవల – పద్నాలుగో భాగం)

గత వారం మనం రాజలింగును రేవు మెట్ల దగ్గర మోకాలి లోతు నీళ్లలో వదిలి వచ్చాం. అతని చేతిలో అప్పుడే పీకిన గుర్రపుడెక్క మోపు ఉంది. దాని వేళ్ల నుంచి నల్ల బురద కారుతోంది. గట్టు మీద అతని వదినె లస్మవ్వ నిలబడి ఉంది. ఆమె చేతిలో మరాఠీలో అచ్చేసిన కరపత్రం. దసరా ముందు రోజు ఇరై నది పండుగ జరుగుతుందని, ఆ రోజు నుంచి నదిలో ఎవరూ ఏమీ వేయకూడదని, వేసేవి సిమెంటు హౌజులో, అంటే నీళ్ల తొట్టిలో వేయాలని అందులో ఉంది. కింద సభ్యుల పేర్లు. ఏడో పేరు రాజలింగుది.

దసరా ముందు రోజంటే సద్దుల బతుకమ్మ. కాలనీలోని తెలుగు ఆడవాళ్లందరూ బతుకమ్మలను నెత్తిన పెట్టుకుని ఈ రేవుకే వస్తారు. నలభై ఏళ్లుగా ఆ వరసలో ముందు నడిచేది లస్మవ్వే.

రాజలింగు పేరు ఆ కాగితం మీదికి ఎట్లా ఎక్కిందో కొత్తగా చదివేవాళ్లకు చెప్పాలి. మూతపడిన బొగ్గుబాయిలో అతను పంపు ఖలాసీగా ముప్పయ్యొక్క ఏళ్లు పని చేశాడు. పని ముగిసి ఇంటిపట్టున ఉన్న తరవాత పొద్దు పోక ‘ఇరై సోబతీ’, అంటే ఇరై నేస్తులు, అనే మండలిలో చేరాడు. రిటైరైన బడిపంతులు బాపురావు దానికి పెద్ద. పదకొండు ఆదివారాలుగా వాళ్లు రేవు బాగు చేస్తున్నారు. చవితికి ముందు జరిగిన మీటింగులో, నదిలో ఏదీ వేయకూడదనే తీర్మానానికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అని బాపురావు అడిగితే రాజలింగు కూడా చెయ్యెత్తాడు. ఎత్తినప్పుడు అతని కళ్ల ముందున్నవి రంగుల గణపతులు, దేవి మండపాల చమ్కీలు, ప్లాస్టిక్ దండలు. బతుకమ్మ తలపుకే రాలేదు. ఎందుకొస్తుంది? వాళ్ల ఇళ్లలో బతుకమ్మను నదిలో వేస్తామని ఎవరూ అనుకోరు. ఆడబిడ్డను అత్తగారింటికి తోలినట్టు తోలుతారు. తోలడం కూడా ఒక వేయడమేనని అతనికి కరపత్రం చూసేదాకా తట్టలేదు.

ఆ పూట లస్మవ్వ అతన్ని తిట్టలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. అప్పటి నుంచి అతనితో మాటలు బంద్.

రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే. చెప్పాల్సిన మాటలన్నీ రాజలింగు భార్య రుక్కమ్మ మీదుగా నడిచాయి. రాజలింగు వాకిట్లో కూర్చుని ఉంటే లస్మవ్వ వచ్చి అతని పక్కనుంచే నడిచి వంటింటి గడపలో నిలబడేది. రుక్కూ, మీ ఆయనకు చెప్పు, మా ఇంటి నల్లా కారుతున్నది అనేది. అతను రెంచి పట్టుకుని పోయి బాగుచేసి వచ్చేవాడు. రుక్కూ, మీ ఆయనకు చెప్పు, నల్లా మంచిగైంది అనేది. మధ్యలో నలిగిన రుక్కమ్మ మూడో రోజున తానేమన్నా పోస్టాఫీసా అని ఇద్దరినీ అడిగింది. 

ఇట్లా ఐదు బతుకమ్మలు గడిచాయి. చిన్న బతుకమ్మలు కనుక వాటిని కాలనీ బోరింగు పక్కనున్న తొట్టిలోనే వదిలారు. ఆరో రోజు ఆదివారమైంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ నాడు అమ్మవారు అలిగి ఉంటుందని పూలు ముట్టరు, పేర్చరు, ఆడరు. ఆడవాళ్ల చేతులు ఖాళీగా ఉండే రోజు అదొక్కటే.

ఆ పొద్దున రేవులో పని మొదలై అరగంట కాలేదు. పదిహేను మంది సభ్యులొచ్చారు. పొగమంచు ఇంకా నీళ్ల మీదే ఉంది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ చిమ్నీల కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. మెట్ల మీద గాజుల చప్పుడైతే రాజలింగు తల తిప్పాడు. లస్మవ్వ. ఆమె వెనక తొమ్మిది మంది. చివర రుక్కమ్మ, మొగుడి వైపు చూడకుండా.

అందరూ కొట్లాటకే వచ్చారనుకున్నారు. బాపురావు చేతులు కడుక్కుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. లస్మవ్వ అతని ముందు నుంచే దిగి, చెప్పులు మూడో మెట్టు మీద విడిచి, చీర కుచ్చిళ్లు ఎగదోపి నీళ్లలోకి నడిచింది. మిగతా తొమ్మిది మందీ అట్లాగే దిగారు. గుర్రపుడెక్కను మగవాళ్లు పైనుంచి గుంజితే ఆకు తెగి చేతికొస్తుంది, వేరు నీళ్లలోనే ఉంటుంది. ఈ ఆడవాళ్లు వరిచేలో కలుపు తీసినవాళ్లు. నీళ్లలో చెయ్యి పెట్టి మొదలు దగ్గర పట్టి, ఒక తిప్పు తిప్పి లేపారు. గంట తిరగకముందే ఎడమ పక్క రేవు అద్దంలా తేరింది. చందమామ బొమ్మ ఉన్న సిమెంటు పలక ఒకటి ఆ నీళ్లలో కనిపించింది. అక్కడ అట్లాంటిది ఉందని మండలిలో ఎవరికీ తెలియదు.

చాయ్ వచ్చేసరికి అందరూ మెట్ల మీద కూర్చున్నారు. ఒక పక్క మండలి, ఒక పక్క ఆడవాళ్లు. మధ్యలో రెండు మెట్లు ఖాళీ. రాజలింగు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోలేక నిలబడే చాయ్ తాగాడు.

బాపురావు కాలనీ బడిలో ఇరవై ఏళ్లు చెప్పినవాడు. సగం కాలనీ అతని దగ్గర దెబ్బలు తిన్నదే. తెలుగు నోటికి బాగానే వచ్చింది. “లస్మాబాయీ, పని అయితే మా అందరికంటె ఎక్కువ చేసిన్రు. ఇప్పుడు మాట చెప్పున్రి” అన్నాడు.

“పని చేసినంకనే మాట్లాడుదామని గురూజీ” అంది లస్మవ్వ. “గీ నది మీ మండలిదే అని ఎవలన్న అంటరేమోనని.”

తరవాత కొంగు ముడి విప్పి కరపత్రం తీసింది. మా ఆయన రాజన్న చెన్నూరు నుంచి బాయి పనికి వచ్చిన యేడే నేను కాపురానికొచ్చిన అంది. అప్పుడు ఇక్కడ ఇంటివాళ్లు తప్ప తెలిసిన మనిషి లేడు, మరాఠీ బోలి రాదు, దుకాణంలో ఉప్పు అడగడం రాదు. మొదటి సద్దుల నాడు ఏడ్చుకుంటూ బతుకమ్మను పేర్చి ఈ రేవుకు తెచ్చింది. చెన్నూరు కాడ గోదావరిలో వదిలేది. ఈ నీళ్లు వార్ధాలో కలుస్తాయి, అట్లట్ల పోయి అదే గోదావరిలో కలుస్తాయి అని అత్త చెప్పింది. ఆ మాటతో ఏడుపు ఆగింది. ఇదంతా ఆమె గట్టిగా చెప్పలేదు. నాలుగో మెట్టు మీదివాళ్లు ముందుకు వంగి వినవలసి వచ్చింది.

“సిమెంటు హౌజుల వెయ్యమంటున్రట. మా ఆడిబిడ్డను హౌజులకు తోలమంటున్రా, గురూజీ?”

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు వచ్చింది. మండలి వైపు నుంచి కూడా ఇద్దరు నవ్వి, శ్రేయస్ మొహం చూసి ఆపుకున్నారు.

శ్రేయస్ ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు. మండలి పనుల్లో సగం అతని భుజాల మీదే నడుస్తాయి. అతను లేచి మరాఠీలో మర్యాదగానే చెప్పాడు. అవ్వా అన్నట్టు ఆజీ అని పిలిచి, మీ పూల మీద నాకేమీ కోపం లేదు అన్నాడు. చవితికి పద్దెనిమిది మండపాల వాళ్ల కాళ్లు పట్టుకుని విగ్రహాలను హౌజుకు తిప్పించాం. దేవి మండపాల వాళ్లు ఇప్పటికే అడుగుతున్నారు, తెలుగువాళ్ల పండుగ కూడా బందేనా అని. బందేనని చెప్పాను. ఇప్పుడు మీకు విడిచిపెడితే వాళ్లకు నేను ఏ మొహంతో చెప్పాలి? నియమమంటే అందరికీ ఒకటే ఉండాలి కదా.

లస్మవ్వకు మరాఠీ బాగా వచ్చు. నలభై ఏళ్లలో ఉప్పు అడగడం దాటి చాలా దూరం వచ్చింది. కుర్రాడి మాటలో తప్పు దొరక్క ఆమె చాయ్ గ్లాసులోకి చూసింది. తరవాత రుక్కమ్మ వైపు తిరిగి అంది: “రుక్కూ, మీ ఆయనకు చెప్పు. పిలగాడు మంచిగ మాట్లాడుతుండు. మీ ఆయనకు గిట్ల నోరు లేస్తే బాగుండు.”

రుక్కమ్మ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అతను విన్నాడని అందరికీ తెలుసు.

అప్పుడు సీతారాం లేచాడు.

సీతారాం చేపలు పట్టే ఢీవరు. అతని తాత కాలం నుంచి వాళ్లు ఈ నది మీదే బతికారు. మీటింగుల్లో ఎప్పుడూ చివరి మెట్టు మీద కూర్చుని, అందరూ లేచినప్పుడు తనూ లేచి వెళ్లిపోయేవాడు. ఇవాళ అతను ఒడ్డున కట్టేసి ఉన్న తన డోంగా, చిన్న పడవ, దగ్గరకు పోయి ఒక వల తెచ్చాడు. ఒక కొన పట్టుకుని లస్మవ్వ ముందు మెట్టు మీద పరిచాడు. తెల్ల నైలాను వల. మధ్యలో మూర మేర వంగపండు రంగు తిరిగి ఉంది. అంచుల దగ్గర గులాబీ.

ఇది పోయిన యేటిది అన్నాడు సీతారాం. మీరు పండుగ చేసుకున్న తెల్లారి వేశాను. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆ రోజు దొరికిన చేపల మొప్పల్లో కూడా ఈ రంగే. బల్లార్‌పూర్ బజార్లో హోలీ ఆడిన చేపలా అని నవ్వారు, ఎవరూ కొనలేదు. ఇంటికి తెచ్చి మట్టిలో పూడ్చాను.

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని బాపురావు అడిగాడు. సీతారాం తల గోక్కున్నాడు. పండుగ నాడు రేవులో ఎవరు కనిపించినా ఈ ఆడవాళ్లు పిలిచి చేతిలో రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద పెడతారు. నా పిల్లలు ఆ ముద్దల కోసం యేడంతా అడుగుతారు. తిన్న నోటితో ఎట్లా చెప్పమంటారు, గురూజీ?

లస్మవ్వ వంగి వల మీద చెయ్యి పెట్టింది. వేలితో రంగును రుద్దింది, గోటితో గీకింది. ఆ వంగపండు రంగు ఆమెకు తెలుసు. బియ్యం కడిగిన కుండలో, కట్టెల పొయ్యి మీద, గునుగుపూల కట్టలు ముంచి తీసిన రంగు అది.

“గిది నా రంగే” అంది.

ఆ మాట తరవాత ఆమె చెప్పింది రాజలింగుకు కూడా అంతవరకు తెలియదు. చెన్నూరులో ఉన్నప్పుడు తంగేడు, కట్ల, బీర, గుమ్మడి, తామర, ఏ పూవంటే ఆ పూవు చేతికందేది. ఇక్కడికొచ్చిన కొత్తలో ఎటు చూసినా బాయి తవ్విపోసిన మట్టిగుట్టలు, వాటి మీద బొగ్గుపొడి. గునుగు తప్ప ఏదీ లేదు. ఒక్క తెల్లరంగుతో బతుకమ్మ ఏం అందం? ఘుగ్గుస్ బజారుకు పోయి చీరలకు వేసే రంగు పొట్లాలు తెచ్చి గునుగును అందులో ముంచింది. ఎర్రది, పచ్చది, వంగపండుది. కాలనీ అంతా వచ్చి చూసింది. మరుసటి యేటికి అందరూ నేర్చుకున్నారు. ఆ తరవాత కోడళ్లు వచ్చారు, కింద అట్టముక్కకు బదులు థర్మాకోల్ పెట్టడం మొదలైంది. తేలుతుంది కదా అని ఆమే మెచ్చుకుంది.

“గని తెల్లారి నది ఎట్లుంటదో నేనెన్నడు జూడలే” అంది లస్మవ్వ. “బతుకమ్మను తోలినంక ఎనుకకు తిరిగి చూడొద్దని మా అత్త చెప్పింది. చూస్తె ఆడిబిడ్డకు ఇంటి మీద పాణం గుంజుతదట. నేను నా కోడండ్లకు గదే చెప్పిన. నలభై ఏండ్లు, ఒక్క మనిషి ఎనుకకు చూడలే. మూడు రోజులు గీ దిక్కే రాలే.”

 నీళ్లలో పీకిన చోట బురద కిందికి దిగుతూ ఉంది. ఒక నీటికాకి మునిగి, అందరూ ఇంక లేవదనుకున్నాక పది బారల అవతల లేచింది.

రాజలింగు చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టాడు. ఇంట్లో రోజుకు ఇరవై మాటలు మాట్లాడే మనిషి. బాయి పంపుల మోతలో మాటలు వినబడవు కనుక చేత్తో చెప్పడం అలవాటు. ఇప్పుడు ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“నేనొకటి జెప్త” అన్నాడు. “ఆ దినం చెయ్యెత్తింది నేనే. ఎవ్వలు పట్టి ఎత్తలే. బతుకమ్మ నా యాదికి రాలే, గది నా తప్పు. ఇంకోటి. ముప్పయ్యొక్క ఏండ్లు బాయిల నీళ్లు తోడి గీ ఇరైల పోసిన. నల్లటి నీళ్లు. ఓ రాజలింగు, ఏం పోస్తున్నవని ఒక్కలన్న అడుగలే. నన్ను నేనే అడుగలే. ఇయ్యాల పూలను అడుగుతున్నం. అడుగుడు మంచిదే. గని పువ్వు వేరు, రంగు వేరు. రంగు ఆపుదాం. అట్ట, థర్మాకోల్ ఆపుదాం. మోదుగ ఇస్తరి మీద ఒట్టి పూలు పేర్చుకొస్తే తీసుకుందాం. దేవి మండపపోల్లు గూడ ఒట్టి మట్టితోని చేసుకొస్తే తీసుకుందాం. నియమం ఒకటే ఉంటది, శ్రేయస్ బాబు.”

అంత పొడుగు మాట అతను ఎప్పుడు మాట్లాడాడో రుక్కమ్మకు గుర్తు రాలేదు. ఆమె నోరు కొద్దిగా తెరిచే ఉంది.

సీతారాం ఇంకో మాట కలిపాడు. పూలు కూడా పది మందివైతే పరవాలేదు గానీ మూడు వందల ఇళ్లవి ఒక్కచోట చేరితే కుళ్లుతాయి, నీళ్లు వాసనొస్తాయి. రేవు కింద అడ్డంగా వల కడతాను. తెల్లారి పూలన్నీ ఎత్తి గట్టు మీద వేస్తే ఎరువైపోతాయి. ఆడవాళ్లు వచ్చి ఎత్తాలి మరి. లస్మవ్వకు అత్త మాట గుర్తొచ్చింది. తెల్లారి రావడమంటే, వెనక్కి చూడటమే.

 శ్రేయస్ తాను ఒప్పుకోలేనని నిజాయితీగా చెప్పాడు. ఈ యేడు మట్టి విగ్రహాలంటే ఎవరూ నమ్మరు, పైన మట్టి పూసి లోపల ప్లాస్టర్ పెడతారు. ఒక్క యేడు అందరం ఆపుదాం, మీరు కూడా, వచ్చే యేడు మొదట మీతోనే మొదలుపెడదాం.

బాపురావుకు బడిలో నేర్చుకున్న దారి ఒకటే ఉంది. రాజలింగు మాటకు ఒప్పుకున్నవాళ్లను చేతులెత్తమన్నాడు. మండలి పెద్ద కనుక తాను ఎత్తడు. పద్నాలుగు మందిలో రాజలింగు చెయ్యి అందరికంటె ముందు లేచింది, సీతారాందీ లేచింది. లెక్క చూస్తే ఇటు ఏడు, అటు ఏడు. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ ఏడూ ఏడూ.

ముసలాయన కళ్లద్దాలు తీసి ధోవతి అంచుతో తుడిచాడు. రిజిస్టరు తెరిచి, పెన్ను విదిలించి, లస్మవ్వ పేరు రాశాడు. రెండు ఆదివారాలు పనిచేస్తేనే సభ్యత్వమని ఎవరో గొణిగారు. ఆమె రెండు ఆదివారాల పని ఇవాళే చేసింది, కావాలంటే రేవు చూసుకో అన్నాడు బాపురావు.  శ్రేయస్ కూడా నవ్వి తలూపాడు.

“ఇగ మీ చెయ్యే మిగిలింది, లస్మాబాయీ” అన్నాడు బాపురావు.

కాలనీ ఆడవాళ్లందరూ ఆమె వైపు చూశారు. ఆమె చెయ్యి లేస్తే చాలు, బుధవారం, సద్దుల సాయంత్రం, బతుకమ్మలు నదికొస్తాయి. రాజలింగు ఆ చేతినే చూస్తున్నాడు. అది వంగపండు రంగు వల మీదే ఉంది. లేవలేదు.

“ఎత్తను” అంది. ఆడవాళ్లలో కలకలం రేగింది. “ఎత్తనంటే ఎన్నడు ఎత్తనని గాదు. సూడకుండ ఎత్తను. ఒకాయన సూడకుండ ఎత్తిండు, సూస్తిరి గద ఏమాయెనో.” తరవాత మరాఠీలో సీతారాంను అడిగింది. నలభై ఏళ్ల నా పూలు ఎటు పోయినయో చూపిస్తావా?

డోంగా అంటే ఇద్దరికి చాలు, ముగ్గురైతే ఇరుకు. సీతారాం వెనక గడ పట్టుకుని నిలబడ్డాడు, లస్మవ్వ నడుమ కూర్చుంది. ముందు ఎవరో ఒకరు బరువుగా కూర్చోకపోతే మూతి లేస్తుందన్నాడు సీతారాం. రుక్కమ్మ మొగుడి భుజం మీద చెయ్యేసి నెట్టింది. తోడికోడళ్లిద్దరి మధ్య ఏ మాట నడిచిందో గానీ లస్మవ్వ కాదనలేదు. ఆమె ఎప్పుడూ పడవెక్కలేదు. రెండు చేతులతో రెండంచులూ పట్టుకుని, మొహం మాత్రం రోజూ ఎక్కేదానిలా పెట్టుకుంది.

పొగమంచు పోయింది. ఎండ నీళ్ల మీద పడి రాజలింగు కళ్లలోకి కొడుతోంది. వానలకు నిండిన నది. గడ వేసినప్పుడల్లా నీటి అడుగున ఇసుక కరకరమనడం అతనికి అరికాళ్ల కింద తెలిసింది. గుర్రపుడెక్క లేని చోట నది ఇంత వెడల్పుంటుందని అతను మరిచిపోయాడు. రెల్లు పూసింది. వెనక కాలనీ ఇళ్లు, చిమ్నీలు ఒకదాని పక్కకొకటి జరిగి చిన్నవయ్యాయి.

వంపు దగ్గర తుమ్మకొమ్మలు నీళ్లలోకి వంగి ఉన్నాయి. కొంగలు ఎన్ని వాలినయో అంది లస్మవ్వ, ఎవరితోనని కాకుండా. డోంగా దగ్గరికి పోయినా కొంగలు లేవలేదు. అవి థర్మాకోల్ ముక్కలు. గుండ్రంగా కోసినవి, సగం విరిగినవి, దారాలతో ముళ్లకు చిక్కుకుని. ఒకదానికి ఇంకా వెండి కాగితం అంటుకుని ఉంది. లస్మవ్వ ఒకదాన్ని అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇంకోటి అందుకుంది. రాజలింగు కూడా ముందు నుంచి లాగి ఇవ్వడం మొదలుపెట్టాడు. పదీ పదిహేను అయ్యాక సీతారాం ఇక చాలన్నట్టు దగ్గి గడ వేశాడు.

వంపు తిరిగాక నది నెమ్మదించింది. అక్కడ ఒడ్డుకు ఆనుకుని పొడుగాటి మట్టిమేట ఉంది. సీతారాం గడ ఆపి డోంగాను పక్కకు తిప్పాడు, చూడటానికి అడ్డం లేకుండా.

మేటంతా పూలు.

మనిషి నడుమెత్తు గునుగు, తెల్లటి వెన్నులకు కొసన గులాబీ జీర, గాలికి అంతా ఒకేసారి ఒరిగి లేస్తూ. దాని కింద పచ్చబంతి. నీటి వారన పట్టుకుచ్చులు. విత్తినవాడు లేడు, సాలు లేదు. వరద ఎట్లా వదిలిందో అట్లా మొలిచాయి. తేనెటీగల చప్పుడు డోంగాలోకి వినిపించింది.

మా నాయన కాలంలో ఇక్కడ తుంగ తప్ప ఏమీ లేదు అన్నాడు సీతారాం. మీ పండుగ అయ్యాక పూలు వచ్చి ఇక్కడ తట్టుకుంటాయి. వానాకాలం తిరిగేసరికి ఇట్లా. ప్రతి యేడూ కొంచెం పెరుగుతుంది. నా భార్య ఇక్కడి పూలే దేవుడికి పెడుతుంది.

లస్మవ్వ ఒళ్లో థర్మాకోల్ ముక్కలు, ఎదురుగా పూలు. ఆమె రెండింటినీ మార్చి మార్చి చూసింది. డోంగా మేటకు ఆనగానే వంగి ఒక బంతిపూవు తెంపింది. తొమ్మిది రేకులు, ఒకే వరస, ఎండిన మిరపకాయ రంగు ఎరుపు, నడుమ పసుపు చుక్క. అట్లాంటి బంతి చంద్రపూర్‌లో ఎక్కడా దొరకదు. చెన్నూరు నుంచి తరవాతెప్పుడో కొంగున కట్టుకుని తెచ్చిన గింజలు, ఆమె పెరట్లో తప్ప ఎక్కడా మొలవని బంతి.

“లింగూ” అంది. వారం తరవాత మొదటి మాట. “గిది నా పెరటి బంతిరా.”

రాజలింగు పూవు అందుకుని చూసి, అవును వదినె అన్నాడు.  ఆమె కళ్లు నిండి ఉన్నాయి గానీ మొహం నవ్వుతోంది. రంగేసిన గునుగు మొలవలేదు చూసినవా, ఒట్టి పూలే మొలిచినయ్ అంది. బుధవారం ఒట్టి పూలే తేవాలె, తెల్లారి నేనే ముందొచ్చి ఎత్తుత అంది. వెనక్కి చూస్తే ఆడబిడ్డ ప్రాణం గుంజుతుందన్న అత్తకు ఈ మేట చూపించి ఉంటే ఏమనేదో అని తనలో తనే అనుకుంది. రాజలింగు గుండెల మీది బరువు నీళ్లలోకి జారినట్టయింది. రేవుకు తిరిగిపోయి బాపురావు ముందు ఆమె చెయ్యెత్తడమే తరువాయి.

కోడళ్లకు చూపించడానికి నాలుగు గునుగు వెన్నులు తెంపుదామని లస్మవ్వ మేట మీదికి దిగింది. రెండడుగులు వేసి ఆగింది. పూల నడుమ కొత్త ఇనుప మేకు. దాని మెడకు ఎర్రగుడ్డ పేలిక. పది అడుగుల అవతల ఇంకోటి. ఆ పైన ఇంకోటి. మేట ఈ కొస నుంచి ఆ కొసకు వరసగా, నడుమ పూలు తొక్కిన బాట.

నిన్న ఇవి లేవన్నాడు సీతారాం.

ఎర్రపేలికల మేకులు ఎప్పుడు పడతాయో రాజలింగుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కొత్త బాయి తవ్వేముందు చేలల్లో ఇట్లాగే పడేవి. మేకులు పడిన వారం లోపల యంత్రాలు దిగేవి. ఇవేందిరా అని వదినె అడుగుతోంది. అతను జవాబు వెతుక్కుంటూ తలెత్తాడు.

మేట అవతలి కొసన ఇద్దరు మనుషులున్నారు. ఒకడు కాగితాల మీద రాసుకుంటున్నాడు. రెండోవాడు టేపు పట్టుకుని చివరి మేకు దగ్గర గొంతుకూర్చుని ఉన్నాడు. మాటలు విని అతను లేచి ఇటు తిరిగాడు. పసుపురంగు టోపీ కింద మొహం నీడలో ఉంది గానీ, ఆ నిలబడే తీరు రాజలింగు ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నదే. అన్న రాజన్న కూడా అట్లాగే ఒక కాలి మీద బరువేసి నిలబడేవాడు.

చందు. లస్మవ్వ చిన్న కొడుకు. భద్రావతిలో కొత్త ఉద్యోగమని, సద్దులకు కూడా సెలవు దొరకదని పది రోజుల కింద బట్టలు సర్దుకుని పోయినవాడు.

చందు అమ్మను చూశాడు. చేతిలో టేపు జరజరా వెనక్కి చుట్టుకుపోయి టప్పున ఆగింది. ఒక్క క్షణం నిలబడి, కాగితాల మనిషి చెవిలో ఏదో చెప్పి, గట్టు వైపు గబగబా నడవడం మొదలుపెట్టాడు.

లస్మవ్వ కేకెయ్యలేదు. తొక్కిన పూల మీద ఆమె కాలు ఇంకా అట్లాగే ఉంది.

“సీతారాం” అంది, “డోంగా ఆ గట్టుకు పట్టు.”